ఒక్కరు కాదన్నా

బంతాట గురించి మా అమ్మకు తెలిసింది ఒక్కటే: బంతి తగిలి కిటికీ అద్దం పగిలితే ఎవరిని తిట్టాలి అని. అలాంటి మా అమ్మ ఒక వేసవిలో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు ఊళ్లోని ఆడపిల్లల జట్టుకు వాలీబాల్ కోచ్‌గా ఉందంటే మా బంధువుల్లో సగంమంది ఇప్పటికీ నమ్మరు. నమ్మకపోతే మానె. ఆ జట్టులో నేనూ ఉన్నాను, కళ్లారా చూశాను, చెంపదెబ్బ కూడా తిన్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

అసలు కోచ్ మా బాబాయి. నాన్నకు స్వయానా తమ్ముడు. నాన్నతో పాటు టైర్ల షాపులో పని చేసేవాడు, మా ఇంట్లోనే ఉండేవాడు. తెల్లారగానే బడి వెనక గ్రౌండ్‌కు వెళ్లి, సున్నంతో గీతలు గీసి, నెట్ బిగించి, మేము కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి సిద్ధంగా నిలబడి ఉండేవాడు. నిలబడటమంటే ఒక తీరులో నిలబడేవాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక మణికట్టును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని. అది పెద్ద ఆటగాళ్ల స్టైలేమో అనుకుని మేమంతా అలాగే నిలబడటం నేర్చుకున్నాం. ఆ చేతుల్ని ఆయన ఎందుకలా కట్టేసుకునేవాడో అప్పట్లో మాకు తట్టలేదు.

అరవడం, తిట్టడం ఆయన దగ్గర లేవు. ఎంత చెత్తగా ఆడినా "మళ్లీ" అనేవాడు, అంతే. సర్వీస్ నెట్‌కు తగిలితే మళ్లీ. బంతి వెళ్లి పక్క బిల్డింగ్ మీద పడితే, వెళ్లి తెచ్చుకుని మళ్లీ. అందుకని పిల్లలంతా ఆయన్ని మళ్లీ సార్ అని పిలిచేవాళ్లు. మా కెప్టెన్ పేరు నిచ్చెన. అంటే మేం పెట్టిన పేరు. అది నిలబడితే చెట్టు మీద కాయ కోయొచ్చు. నేనేమో పొట్టిదాన్ని. నా పని బంతిని నెట్ పక్కన పైకి లేపడం, నిచ్చెన పని దాన్ని అవతల వాళ్ల నెత్తిన కొట్టడం. ఆ ఏడాది లీగ్‌లో మా మీద అందరికీ ఆశ ఉండేది.

బాబాయి జైల్లో ఉండి వచ్చాడని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కానీ ఎవరూ ఆ మాట అనేవాళ్లు కాదు. మా ఇంట్లో దాని పేరు "ఆ గొడవ". నాయనమ్మ ఇంకా సులువు చేసి "వాడి టైము బాగాలేనప్పుడు" అనేది. వేరే ఊళ్లో పెద్ద వర్క్‌షాపులో మేస్త్రీగా ఉన్న రోజుల్లో, కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఏదో తప్పు బిగించాడని, చేతిలో ఉన్న ఇనుప కడ్డీతో కొట్టాడు. ఆ కుర్రాడి మోచేయి విరిగింది. అతికింది గానీ, చేయి నిటారుగా మాత్రం రాలేదు. అదీ సంగతి.

ఆ వేసవి మొదట్లో లీగ్ వాళ్ల దగ్గర్నుంచి కొత్త నియమం వచ్చింది. బడిలో ఒక క్లాసు గదిలో మీటింగ్ పెట్టారు. తల్లులూ తండ్రులూ పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. మేము బయట వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాం. క్లబ్ సెక్రటరీకి మందుల షాపు ఉంది. ఏది చదివినా మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టే చదువుతాడు.

"పిల్లలకు ఆట నేర్పేవాళ్ల మీద పోలీసు కేసులున్నాయేమో చూడాలట. శిక్ష పడినవాళ్లయితే, పిల్లల తల్లిదండ్రులందరూ ఒప్పుకుంటేనే ఉంచాలట. ఒక్కరు కాదన్నా కుదరదట. మన కోచ్ సంగతి మనకు తెలిసిందే. దాచిపెట్టిందేం లేదు. మనందరికీ కావలసినవాడు. అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా ఉంటే..."

అంటూనే ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. బాబాయి చివరి బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. నాన్న ఆయన పక్కనే. అందరూ వాళ్లిద్దరి వంక ఒకసారి చూసి, గోడల వంక చూస్తున్నారు. అప్పుడు మా అమ్మ చెయ్యెత్తింది.

"ఫ్యాన్ వెయ్యాలామ్మా?" అన్నాడు సెక్రటరీ.

"ఫ్యాన్ కాదు. అభ్యంతరం."

గదిలో ఎవరో దగ్గబోయి మానుకున్నారు. సెక్రటరీ పెన్ను మూత మళ్లీ తీశాడు.

"మీకామ్మా? అతను మీ మరిది కదా."

"అవును."

"కారణం ఏమిటో..."

"కారణం చెప్పాలని అందులో ఉందా?"

ఆయన కాగితం ముందూ వెనకా తిప్పి చూశాడు. "లేదు."

"అయితే రాసుకోండి," అంది అమ్మ, చెయ్యి దించింది.

నేను కిటికీ ఊచ వదిలేశాను. నిచ్చెన నా వంక చూసింది. మా అమ్మ తన పరువు తీసుకుందో, మా పరువు తీసిందో నాకు తేలలేదు. ఎటు తిరిగినా పరువు మాత్రం పోయింది.

ఇంటికి వచ్చాక యుద్ధం జరుగుతుందనుకున్నాను. జరగలేదు, అదే ఘోరం. నాన్న చొక్కా విప్పి తగిలించి, అమ్మ వంక చూడకుండా అన్నం తిన్నాడు. ఆ రాత్రి నుంచి ఆయన అమ్మతో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలంటే "ఉప్పు" అని గోడతో అనేవాడు. మాట్లాడవలసిన మాటలన్నీ నాయనమ్మే మాట్లాడింది.

"ఇంటి దీపమే కదా అని ముద్దుపెట్టుకుంటే మూతి కాలిందట. ఊళ్లో వాళ్లందరూ నోరు మూసుకున్నారు. మనింటి మనిషికే నోరు లేచింది."

అమ్మ గిన్నెలు సర్దుకుంటూనే ఉంది. బాబాయి కాళ్లు కడుక్కుని వచ్చి, రోజూ కూర్చునే పీట మీదే కూర్చున్నాడు.

"వదినా, టీ ఉంటే కాస్త పొయ్యండి."

"నీకు సిగ్గనేది ఉందట్రా?" అంది నాయనమ్మ. "నీ పొట్ట కొట్టినదాని చేతి టీ తాగుతావా?"

"పొట్టేం కొట్టింది, జీతమా ఏమన్నానా అది. అమ్మా, ఆవిడ చేసింది తప్పయితే, నేను చేసిందాన్ని ఏమనాలి?"

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ టీ పోసి ఇచ్చింది. గ్లాసు అందుకునేటప్పుడు ఆయన ఆమె మొహంలోకి చూడలేదు, ఆమే చూసింది. నేను మాత్రం ఆ రోజు అమ్మను కడుపునిండా ద్వేషించాను. పద్నాలుగేళ్ల వయసులో ద్వేషం ఎంత చిక్కగా ఉంటుందో పెద్దయ్యాక ఎంత తలచుకున్నా సరిగ్గా రాదు.

తర్వాతి వారం నిచ్చెన మిగతా పిల్లల్ని వెంటేసుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. కోచ్ లేకపోతే లీగ్‌లోంచి పేరు తీసేస్తామని సెక్రటరీ చెప్పాడట.

"ఆంటీ, మీ వల్లే కదా ఇదంతా. ఇప్పుడు మమ్మల్ని ఎవరు ఆడిస్తారు?"

అమ్మ డ్యూటీకి బయల్దేరుతోంది. బస్టాండ్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఉందో, ఎప్పుడు కదులుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. బ్యాగు భుజానికి తగిలించుకుని, పిల్లల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"పొద్దున పూట నేనొస్తాను."

"మీకు ఆట రాదు కదా ఆంటీ."

"బస్సు నడపడం కూడా రాదు నాకు. అయినా నేను చెప్పాకే కదా అన్నీ కదులుతున్నాయి."

నిచ్చెన గేటు తీసి అమ్మకు దారి ఇచ్చింది.

మొదటి రోజు అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కాళ్లకు నాన్న పాత బూట్లు వేసుకుని గ్రౌండ్‌కు వచ్చింది. మేము నవ్వుకుంటూ వరసలో నిలబడ్డాం. ఆమె గొంతు సవరించుకుని, అలవాటైన ఆ గొంతుతోనే, "వెనక వరసలో ఉన్నవారు వెంటనే నెట్ వద్దకు రావలసిందిగా కోరడమైనది" అంది. పక్క బిల్డింగ్‌లో బట్టలారేస్తున్న ఆవిడ చేతిలో బట్ట అలాగే పట్టుకుని చూసింది. ఆ రోజంతా మేము నవ్వుతూనే ఉన్నాం, ఆట ఏమీ జరగలేదు.

సాయంత్రం ఆమె డ్యూటీ దిగి వచ్చి, పెరట్లో ట్యూబులకు పంక్చర్లు వేస్తున్న బాబాయి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"నాకు నేర్పు."

"మీకా?"

"నిన్ను పిల్లలకి నేర్పకూడదన్నారు. వదినలకి నేర్పకూడదని అనలేదు. నా వయసు సర్టిఫికెట్ కావాలంటే తెస్తాను."

బాబాయి ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూశాడు. తర్వాత నవ్వాడు. మీటింగ్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. "వదినా, మీకు నేర్పడం కన్నా జైలుకే మళ్లీ పోవచ్చు," అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాయనమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. అమ్మ కూడా నవ్వింది.

అలా మొదలైంది. బట్టల తీగకు బంతి వేలాడగట్టి, అమ్మ చేత మోచేతులు చాపించేవాడు. నేను ఆశగా వెళ్లి పక్కన నిలబడ్డాను.

"బాబాయ్, నేను బంతి లేపుతుంటే పక్కకు పోతోంది. ఎందుకు?"

"నీకు చెప్పకూడదమ్మడూ."

"ఇది ఇల్లు కదా. గ్రౌండ్ కాదుగా."

"ఇల్లయితే మాత్రం? ఇంట్లో నీకు పద్నాలుగేళ్లు కాదా?" అని, అమ్మ వైపు తిరిగాడు. "వదినా, మీ అమ్మాయికి చెప్పండి. బంతి తన దగ్గరికి వస్తుందని ఎదురుచూడొద్దనండి. తనే దాని కిందకి వెళ్లమనండి."

అమ్మ నా వైపు తిరిగింది. "విన్నావుగా?"

"వినలేదు. నాకు చెప్పలేదుగా."

అమ్మ మొత్తం మాట తిరిగి చెప్పింది. బంతి కిందకు వెళ్లవలసిందిగా. గడప మీద కూర్చుని వింటున్న నాయనమ్మ, "ఎదురుగా ఉన్నదానితో మాట్లాడటానికి మధ్యలో ఈ టెలిఫోనెందుకర్రా" అంది. కానీ ఆ వేసవంతా అలాగే నడిచింది. అన్నం తినేటప్పుడు కూడా, "వదినా, నిచ్చెనకి చెప్పండి, ఎగిరే ముందు చూపు నెట్ మీద కాదు, బంతి మీద ఉండాలని." మిగతా మాటలన్నీ ఆయన నాతో మామూలుగానే మాట్లాడేవాడు. చదువు, సినిమా, వెక్కిరింపులు, అన్నీ. బంతి మాట వస్తే చాలు, వదినా అని మొదలుపెట్టేవాడు. ఇంత పట్టింపు ఏమిటని నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ మాటల వరస, ఆ ట్యూబుల రబ్బరు వాసన, అమ్మ చీర కొంగు నడుముకు బిగించి వేలాడే బంతిని గుద్దడం, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. మా ఇంట్లో అందరం అంత దగ్గరగా కూర్చున్న రోజులు మళ్లీ రాలేదు.

చిత్రంగా మేము గెలవడం మొదలుపెట్టాం. మధ్యలో మాట మోసే మనిషి వల్ల కొన్ని మాటలు తిరగబడేవి. ఒకసారి వెనక వరసను రెండడుగులు వెనక్కి పొమ్మని బాబాయి చెబితే, అమ్మ ముందుకు పొమ్మని చెప్పి ఒక సెట్టు మొత్తం అవతలివాళ్ల చేతిలో పెట్టింది. బాబాయి అదంతా విని పీట మీద పొర్లి నవ్వాడు. ఆయన మాత్రం గ్రౌండ్ వైపు వచ్చేవాడు కాదు. షాపుకు వెళ్లాలంటే ఆ దారే దగ్గర, అయినా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నాన్నే స్కూటర్ మీద వచ్చి, దూరంగా గోడ దగ్గర నిలబడి ఆట చూసి, వెళ్లి తమ్ముడికి చెప్పేవాడు. ఒక రోజు అన్నం తింటూ నాన్న ఉన్నట్టుండి, "ఆ చివరి సెట్లో పొడుగుపిల్లని తియ్యాల్సింది కాదు" అన్నాడు, గోడతో కాదు, అమ్మతో.

"మాట వచ్చిందే," అంది అమ్మ, కూర వడ్డిస్తూ. అంతటితో ఆ మౌనం అయిపోయింది.

నాకే ఇంకా తీరలేదు. ఒక మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఇవ్వడానికి బస్టాండ్‌కు వెళ్లినప్పుడు, ఆ చిన్న అద్దాల గదిలో అడిగేశాను. ఎందుకు చెయ్యెత్తావు అని. అమ్మ మైకు స్విచ్ ఆపిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

"ఆ పిల్లాడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నేను వెళ్లేదాన్ని. మీ నాన్న లాయర్ల చుట్టూ తిరుగుతున్నాడు, మీ నాయనమ్మ మంచమెక్కింది. మనింటి తరఫున ఎవరో ఒకరు వెళ్లాలి కదా. ఆ తల్లి నన్ను తిట్టలేదు. ఒకటే మాట అనేది. పని నేర్పిస్తారంటే పంపించానమ్మా, ఎలాంటివాడి చేతికింద పెడుతున్నారో నన్ను ఒక్కళ్లూ అడగలేదు అని. ఆవిణ్ని అడగలేదు. నన్ను అడిగారు. అడిగితే ఏం చెప్పాలి నేను?"

"బాబాయి ఇప్పుడు అలాంటివాడు కాదు. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నిచ్చెన వాళ్లమ్మకు తెలుసా? ఆ గదిలో మీ నాన్న, మీ బాబాయి, నేను, ముగ్గురం కూర్చుని ఉంటే ఎవరు నోరు విప్పుతారు? అందరూ మన మొహాలు చూసి ఊరుకున్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, నీకింకా చెప్పకూడదు. మొహమాటానికి పిల్లల్ని ఒప్పగించకూడదే. వాళ్లు అనలేరని నేనన్నాను."

అద్దం అవతల బస్సు హారన్ కొట్టింది. అమ్మ స్విచ్ వేసి, గొంతు మార్చి, ఏదో ఊరి పేరు చదివింది. చెప్పింది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడుంది?

లీగ్ ఆఖరికి వచ్చింది. చివరిదానికి ముందు ఆట వేరే ఊళ్లో, మిట్టమధ్యాహ్నం. ఎండకు నేల కాలిపోతోంది. మొదటి సెట్టు గెలిచాం, రెండోది పోయింది. మూడోదాంట్లో నా చేతులు నా మాట వినడం మానేశాయి. లేపిన బంతి లేపినట్టే నెట్ అవతల పడుతోంది. నిచ్చెన ఊరికే గాల్లోకి ఎగిరి ఉత్త చేతులతో దిగుతోంది. అమ్మ టైమౌట్ అడిగింది. అందరం గీత దగ్గర చుట్టూ చేరాం. ఆమె మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"నిన్న చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి? బంతి కిందకి ఎందుకు వెళ్లడం లేదు?"

"నిన్న చెప్పింది నువ్వు కాదు, బాబాయి."

"ఎవరు చెబితే ఏం, వినాలి కదా."

"నీకేం తెలుసని వినాలి? ఆయన ఇక్కడుంటే ఇలా జరిగేదా? నీకు ఆయనంటే గిట్టదు. అందుకే ఆ మీటింగ్‌లో పగ తీర్చుకున్నావు. ఇప్పుడొచ్చి మంచిదానిలా..."

చెంప పేలింది. నాకు ముందు చప్పుడు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. పిల్లలందరూ బిగుసుకుపోయారు. రిఫరీ నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ అటు తిరిగాడు. బెంచీల మీద ఎవరి తండ్రో నవ్వి, "కన్నతల్లి లెండి, ఫరవాలేదు" అన్నాడు. అమ్మ తన అరచేతి వంక చూసుకుంటోంది.

విజిల్ వేశారు. లోపలికి వెళ్లి ఆడాను. ఓడిపోయాం.

ఆట అయ్యాక గేటు దగ్గర అమ్మ సెక్రటరీని ఆపింది. నేను పక్కనే బ్యాగు పట్టుకుని ఉన్నాను.

"చివరి ఆటకి వేరే ఎవరినైనా చూసుకోండి. నేను పిల్లని కొట్టాను."

"మీ పిల్లే కదమ్మా. తల్లి కొడితే దానికి కేసులా?"

"ఆ గీతల్లోపల నేను దాని తల్లిని కాదు."

"ఎవరూ ఏమీ అనుకోవడం లేదమ్మా. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు."

"నేను చెబుతున్నాను. నేను కూడా ఒక పిల్ల తల్లినేగా. ఒక్కరు కాదన్నా కుదరదన్నారు. నేను కాదంటున్నాను."

"ఆ రూలు శిక్ష పడినవాళ్లకమ్మా," అన్నాడాయన, తల గోక్కుంటూ. అమ్మ నా చేతిలోంచి బ్యాగు తీసుకుని గేటు దాటింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, పెరట్లో అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాయనమ్మ తేలిగ్గా, "పిల్లని తల్లి కొట్టకపోతే పక్కింటివాళ్లు వచ్చి కొడతారా" అంది. నాన్న నా గడ్డం పట్టుకుని చెంప వెలుతురుకు తిప్పి చూశాడు. బాబాయి చేస్తున్న పని ఆపి లేచి నిలబడ్డాడు. నా దగ్గరికి రాలేదు. ఉన్నచోటి నుంచే నా మొహం చూశాడు.

"వేళ్లు తేలాయి," అన్నాడు.

"తేలాయి," అంది అమ్మ. "నిన్ను వద్దన్నదాన్ని, నేనెలా ఉంటాను? రేపట్నుంచి వెళ్లను."

బాబాయి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడిచాడు. అప్పటిదాకా ఆ గొడవ గురించి ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా నేను వినలేదు.

"ఆ రోజు కొట్టాక నేను అక్కడే నిలబడిపోయాను వదినా. ఎవరో వచ్చి చేతిలోంచి కడ్డీ లాక్కున్నారు. మర్నాడు వెళ్లి ఆ కుర్రాడి ముందు నిలబడి, కొట్టాను, తప్పు నాదేరా అని చెప్పాలనుకున్నాను. మర్నాడు నేను తాళం వెనక ఉన్నాను. ఆ మర్నాడూ అంతే. బయటికొచ్చాక వెళితే, వాళ్లు ఊరు మారిపోయారన్నారు. ఇవాళ్టికీ చెప్పలేదు నేను." చేతులు తుడుచుకున్న గుడ్డను తొట్టి అంచు మీద వేశాడు. "మీకు రేపుంది. పొద్దున్నే ప్రాక్టీస్. అందరి ముందూ కొట్టారు, అందరి ముందూ వెళ్లి చెప్పండి. మానేస్తానంటే ఎలా?"

"చెబితే చెల్లిపోతుందా?"

"చెల్లదు. చెల్లుతుందని నేననలేదు. వెళ్లకపోతే మాత్రం, ఆ పిల్ల ఆ దెబ్బ దగ్గరే ఉండిపోతుంది. మీరూ అక్కడే ఉండిపోతారు. అలా ఉండటం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

అమ్మ స్టూలు మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకుంది. నాయనమ్మ వచ్చి కోడలి వీపు మీద చెయ్యి వేసింది.

బాబాయి ఆ తర్వాత ఎప్పుడూ కోచ్ కాలేదు. ఆ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది. మరుసటి ఏడాది సెక్రటరీ మళ్లీ మీటింగ్ పెట్టాడు. అమ్మ పట్టుబట్టి మా ఇంటివాళ్లందరినీ బయట నిలబెట్టి, లోపల చీటీలు వేయించింది. మొహమాటం లేకుండా వేయమంది. ఒక్క చీటీ కాదంది. ఎవరిదో తెలియదు. తెలుసుకుందామని నాన్న అంటే బాబాయి ఊరుకోలేదు. "ఎవరో పిల్లని జాగ్రత్తగా చూసుకుంటున్నారన్నయ్యా, వదిలెయ్," అన్నాడు. ఆ రోజు ఆయన షాపు మూసినా చాలాసేపటిదాకా ఇంటికి రాలేదు. బాధపడ్డాడు. ఎందుకు పడడు, ఆయనకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన పని అది. కానీ పెరట్లో స్టూలు మీద కూర్చుని, వదినా చెప్పండి అనడం మాత్రం అమ్మ కోచ్‌గా ఉన్నన్నేళ్లూ మానలేదు.

ఓడి వచ్చిన మర్నాడు పొద్దున్న అమ్మ గ్రౌండ్‌కు వచ్చింది. మమ్మల్ని వరసలో నిలబెట్టలేదు, తనే మా ముందు నిలబడింది. మైకు గొంతు కాదది, వంటింటి గొంతు.

"నిన్న నేను ఈ పిల్లని కొట్టాను. కోపమొచ్చి కొట్టాను. అదేం మాట అంది అన్నది వేరే సంగతి. కొట్టే హక్కు నాకు లేదు. తప్పు నాది."

పిల్లలు కాళ్లతో మట్టి గీకుతున్నారు. నిచ్చెన మంచితనానికి పోయి, "ఫర్లేదాంటీ, మా అమ్మ రోజూ కొడుతుంది" అంది. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

"ఫర్లేదని నువ్వు అనకూడదు. తగిలింది నీక్కాదు," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది.

"నిన్ను అడుగుతున్నాను. వీళ్లెవర్నీ చూడకు. నాన్న ఏమంటాడో, నాయనమ్మ ఏమంటుందో అనుకోకు. ఇంటికెళ్లాక నేనెలా ఉంటానో అని భయపడకు. నేనిక్కడ ఉండనా, వెళ్లిపోనా? నువ్వు కాదంటే వెళ్లిపోతాను."

అప్పటిదాకా మా ఇంట్లో నన్ను అడిగినవన్నీ తిన్నావా, చదివావా, తలుపు గడియ పెట్టావా లాంటివే. ఇంత పెద్ద ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆవలిస్తే చెంప ఇంకా నొప్పిగానే ఉంది. వెళ్లిపో అనే మాట నాలుక చివర ఉంది. అంటే నిజంగానే వెళ్లిపోతుందని కూడా తెలుసు, ఆమె సంగతి నాకు తెలియదా. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, కానీ ఆ తడిని నాకు చూపించి జవాబు రాబట్టుకోవాలని చూడలేదు. నిలబడి ఉంది, అంతే. అమ్మ నాకు భయపడటం చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

"నాకింకా కోపంగానే ఉంది," అన్నాను.

"ఉండనీ."

"ఇవాళకి ఉండు. రేపు మళ్లీ అడుగు."

"సరే," అంది.

మర్నాడు పొద్దున్న నెట్ కట్టగానే నా దగ్గరికి వచ్చి అడిగింది. ఇవాళకి ఉండు అన్నాను. ఆ పై రోజూ అడిగింది. చివరి ఆట దాకా, బంతి ముట్టుకునే ముందు, నవ్వులాటగా కాకుండా, ప్రతి పొద్దునా అడిగింది. ప్రతి పొద్దునా నేను కాస్త ఆలోచించే చెప్పాను.

చివరి ఆట రోజు ఆ హడావుడిలో, బూటు లేసులు కట్టుకుంటూ, నిచ్చెనకు ఏదో చెబుతూ, అమ్మ అడగడం మర్చిపోయింది. నేనే వెళ్లి, కొంగు పట్టుకు లాగి, ఉండు అన్నాను.